వరస

జూన్ నెల. బంగారుపాళ్యం దాటినాక
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటుకాడ
టోకెన్లు రాసే పని నాది.
మైలు పొడుగునా ట్రాక్టర్లు,
ట్రాక్టర్ల నిండా బెంగుళూరా కాయలు,
కాయల మీద వేపమండలు,
మండల మీద ఎండ.

ఒక్క మాటతోనే నాకు పొద్దు గడుస్తుంది.
వరసలో రావల్ల.
వరస తప్పితే టోకెన్ చింపేస్తా.
పగలు వందసార్లు.
రాత్రి నిద్దట్లో ఎన్నిసార్లో
నా పెండ్లాన్ని అడగాల.

అయినా ఆ మాటను ఎప్పుడూ
నోట్లో తిప్పి చూడలేదు నేను.
పంటికింద రాయి తగిలితేనే గదా
అన్నం నములుతున్నామని తెలిసేది.

తొంభై నాలుగో నంబరు చెంగమ్మది.
లోపల మిషను చెడి రెండు దినాలు.
నాలుగో దినం పొద్దుగూకే యాళకు
ఆమె ట్రాక్టరు కింద రసం కారతా ఉండాది.
తారు మీద తియ్యటి మరక,
మరక నిండా ఈగలు.
బండి బాడుగది. ఇంకో రాత్రి నిలిస్తే
కాయల దుడ్డు బాడుక్కే చాలదు.

ఆమె గేటుకాడికి రాలేదు,
నన్ను బతిమలాడలేదు.
ముందరి ట్రాక్టరు కాడికి పొయ్యింది.
"యా ఊరన్నా మీది?"
"పెనుమూరు పక్కన."
"మా మేనత్తను ఇచ్చిందీ ఆ పక్కే.
అట్లయితే నువ్వు నాకు మామవవతావు."
కులం ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.
ట్రాక్టరు రవంత పక్కకు జరిగింది.

ఆ ముందర ఒక చిన్నాయన దొరికినాడు.
ఐరాలోళ్ళు ఇద్దరు బావలయినారు.
మీసాలు మొలవని డ్రైవరు పిల్లోణ్ణి
అల్లుడా అనింది, వాడు సిగ్గుపడి
హారన్ కొట్టినాడు.
ఒకాయన తిట్టినాడు. తిట్టినాకనే
పెద్దనాయన అయినాడు.

అరవై ఒకటో నంబరు కాడ ఆగిపొయ్యింది.
యాదమరి దొరసామి.
"వరస వరసే" అన్నాడు, అంతే.
ఆయన కాయలూ కారతానే ఉండాయి.

రాత్రి రెండింటికి టీ తాగతా
నాతో అన్నాడు, ఆమె వినకుండా:
"మా తమ్ముడు నాకంటే ముందర పొయినాడబ్బా.
వాడికి కొరివి నేను పెట్టినా.
వరస తప్పితే ఎట్లుంటాదో నాకు తెలుసు."
నేను గ్లాసు పట్టుకోని
ఊరికే ఉండిపొయినా.

తెల్లారి ఆయన బండి తూకమయ్యింది.
ఆ వెనకనే ఆమెది.
రెండు గంపలు కుళ్ళని పక్కన పోసినారు.
నా రిజిస్టర్లో
అరవై, అరవై ఒకటి, తొంభై నాలుగు, అరవై రెండు.
సూపర్వైజరు ఎర్రసిరాతో
పక్కన పెద్దగా రాసినాడు: క్రమభంగం.

"ఏం రాసినాడు నాయనా?"
చీటీ చేతికిస్తా చెప్పినా,
"వరస తప్పినావని."
చెంగమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.
జిగురు పోలేదు.
"నేను యాడ తప్పినాను?
రాత్రంతా కలపతానే ఉంటిని గదా."

ఇదిగో, ఆ పుట
ఆమె ఏలిముద్రల రసానికి
వెనక పుటకు అంటుకోని ఉండాది.
విడదీస్తే అంకెలు చినుగుతాయి.
లెక్క చూసేదానికి ఆడిటరు వస్తే
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.

గేటు బయట మళ్ళీ హారన్లు.
"వరసలో రావల్ల" అని అరవబోతే
ఆ మాటకాడ నా నోరు
ఒక్క క్షణం తడబడింది.