నంబరు లేని మేకు

రీగాలో, జనవరిలో, నాటకం మొదలయ్యాక
కోట్ల గదిలో విజ్మా ఒక్కతే.
నలభై కొక్కేలు, తడిసిన ఉన్ని వాసన,
రెండక్షరాలు ఊడిపోయిన పాత లాప్‌టాప్.

యాభై ఆరేళ్ళకి ప్రోగ్రామింగేంటని
టికెట్ల కిటికీ అమ్మాయి నవ్వింది.
"ఇంటర్వెల్ దాకా గంటంబావు.
ఎన్ని మేజోళ్ళని అల్లను?" అంది విజ్మా.

ఈ వారం పాఠం అర్రే.
మన చెవికి ఎవరో ఉలిక్కిపడ్డట్టుండే మాట.
ఒకే వరస, ఒకే కొలత గళ్ళు,
ఎన్ని కావాలో ముందే చెప్పాలి, అంటుంది పుస్తకం.
ఓస్ ఇంతేనా, అనుకుంది.
ఇరవై రెండేళ్ళుగా నేను నిలబడ్డది ఇందులోనేగా!
నక్కతోలు కోటుకీ ఒక్క కొక్కెమే,
పిల్లాడి మఫ్లరుకీ ఒక్క కొక్కెమే.
పదిహేడో బిళ్ళ చేతిలో పడితే
ఒకటి నుంచీ తడుముకుంటూ పోదు,
కాళ్ళే తీసుకెళ్ళి పదిహేడు ముందు ఆపుతాయి.
బిళ్ళ వేరు, కోటు వేరు.
తాగొచ్చిన పెద్దమనుషులకి
ఈ ముక్క ఎన్ని రాత్రులు చెప్పిందో.

నలభై గళ్ళు, అని రాసింది.
నలభయ్యోది చూపించమంది.
ఎర్రటి అక్షరాలు.
హద్దు దాటావంది యంత్రం.

లైట్లు వేసే గిర్త్స్ మెట్ల మీంచి వంగి
"మొదటిది సున్నా, విజ్మా.
ఆఖరిది ముప్పై తొమ్మిది" అనేసి
మూడో రంగంలో వెన్నెల వెయ్యడానికి పరిగెత్తాడు.

సున్నానా!
ఒళ్ళు మండింది ఆమెకి.
లేనిదానికి కోటెలా తగిలిస్తారు?

మా వైపు వడ్లు కొలిచేవాళ్ళు
మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు.
అంకెలు రెండు దగ్గరే మొదలు.
ఇది విజ్మాకి తెలీదు. తెలిసుంటే
ఆ పూట కోపం ఇంకాస్త పెరిగేది.

లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి.
తలుపు పక్కన గోడకో మేకుంది,
ఇత్తడి అంకె లేని మేకు.
చేరిన రోజు నుంచీ తన కోటు దానికే.
అక్కణ్ణుంచి అడుగులు లెక్కపెట్టింది.
ఒకటో కొక్కేనికి ఒక అడుగు.
ఏడుకి ఏడు.
మరి ఈ మేకుకో?
కాలు కదపక్కర్లేదు.

ఎంత లేదో చెప్పే అంకె అనుకున్నాను,
ఎంత నడవాలో చెప్పే అంకెట!
గోడతోనే చెప్పింది, పైకే.

నలభై చెరిపి నలభై ఒకటి చేసింది.
సున్నాలో రాసింది: నల్ల కోటు, ఒక గుండీ వేరే రంగు.
ఈసారి యంత్రం నోరు మూసుకుని నడిచింది.

"అలా చెయ్యరు, ఒక గడి దండగ," అన్నాడు గిర్త్స్
చెమటలు తుడుచుకుంటూ.
"దండగెక్కడ? నా కోటుంది దాన్లో."
అతను తల గోక్కున్నాడు.
తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

ఇరవై మూడు దగ్గర మాత్రం విజ్మా వేళ్ళు ఆగాయి.
అక్కడో బూడిదరంగు కోటు, నిరుడు మార్చి నుంచీ.
జేబులో ట్రామ్ టికెట్టు.
బిళ్ళ తిరిగి రాలేదు, మనిషీ రాలేదు.
ఖాళీ, అని కొట్టి, చెరిపేసింది.
పైన ఇంకోటి రాసేదాకా
ఉన్నది ఉన్నట్టే ఉంటుందని
ఆరో పేజీలో ఉంది.

చప్పట్లు. బల్ల మీద బిళ్ళల వాన.
ముప్పై ఒకటి, నాలుగు, పన్నెండు,
ఎవరిదో గొడుగు, ఎవరిదో తుమ్ము.

అందరూ వెళ్ళాక
దీపం ఆర్పింది.
చీకట్లో, నిలబడ్డచోటు నుంచే
చెయ్యి చాపి
తన కోటు అందుకుంది.