దిగేటోళ్లు

చెంగిచెర్ల డిపో వెనక, స్క్రాప్ టైరుల
వాన నిలిచింది.
నిలిచిన వానల తోకకప్పలు.
ఎవలో వాక్యం మరిచిపోయి
ఒట్టి కామాలే పెట్టిపోయినట్టు.

"రేపు దోమల మందోళ్లు వస్తరు, నూనె పోస్తరు"
అన్నడు మెకానిక్ అంజద్ భాయి, నట్టు బిగిస్తనే.
టిఫిన్ డబ్బా కడిగిన. సరిగ కడగలే.
పప్పు వాసనతోటే ముంచిన.
పదకొండు.

భుజానికి క్యాష్ బ్యాగు, ఒళ్లె డబ్బా.
హబ్సిగూడ సిగ్నల్ కాడ బ్రేక్ పడితే
మూత కింద చిన్న అలజడి.
ఇరవై ఏండ్ల సర్వీసుల
జీరో టికెట్టు గూడ కొట్టకుండ
ఎక్కించుకున్నది వీళ్లనే.

నల్లా నీళ్లు పడవంట, మందుంటదంట.
బకెట్ల పట్టి ఒకదినం ఎండకు పెట్టిన.
పాలకూర ఉడకబెట్టి గోరంత, గోరంత.
మా ఇంటాయన తొంగి చూసి
"నాకు పెట్టే కూర కన్న మెత్తగుంది" అన్నడు.
నిజమే.

ముందుగాల వెనక కాళ్లొచ్చినయ్.
దారప్పోగులు. వారానికి మోకాళ్లు.
చేతులు మాత్రం లోపల్నే పెరుగుతయ్,
చలికి అంగీ లోపల చేతులు ముడుచుకున్న
పిలగాని లెక్క.
ఒక పొద్దున ఒక చెయ్యి బైటికి.
డ్యూటీ దిగొచ్చేసరికి రెండోది.

చేతులొచ్చినంక
నీళ్లే ముంచుతయని నాకు తెల్వదు.
మొప్పలు పోయి ఊపిరి మొదలైతదని,
ఆ ఊపిరికి ఇంత గట్టు కావాలని
అంజద్ భాయి ఫోన్ల చూసి చెప్పిండు.
టైలు ముక్క రేపు తెద్దమనుకున్న.

రేపు పొద్దుగాల
ఒకటి తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలింది.
పుట్టి పెరిగిన నీళ్లల్లనే.
చిల్లర తక్కువొచ్చిన రాత్రి లెక్క
బ్యాగంత దులుపుకున్న,
ఏం వెతుకుతున్ననో తెలియకనే.

టైలు ముక్క ఏటవాలుగ పెట్టిన. మీద ఇంత ఇసుక.
అప్పుడొచ్చినయ్ అంచుకు.
సగం తడి, సగం పొడి.
ఫుట్‌బోర్డు మీద యాలాడే పోరగాండ్లను
రోజూ తిడత నేను,
లోపలికన్న రా, కిందికన్న దిగు, అని.
వీళ్లను అనబుద్ధి కాలే.

తింటలేవు. పాలకూర ముట్టవు.
నోరు మారుతున్నదంట.
మారేదాక తోకే తిండి,
నమలకుండ, కొరకకుండ,
లోపల్నించే కరుగుతదంట.
సమ్మె నెలలు యాదికొచ్చినయ్.
ముందు గాజులు, తర్వాత గొలుసు,
ఆఖరుకు కుట్టుమిషను.
మేము గూడ అప్పుడు
ఉన్నదాన్నే తిన్నం.

రెండు బాల్కనీ జాలీల నుంచి దుంకినయ్.
కింద మూడంతస్తులు.
పోయి చూసొచ్చిన, టార్చి పట్టుకొని,
దొరకలే. దొరకకపోవుడే మంచిదనుకున్న.

మిగిలినయి ఎనిమిది.
ముగ్గిపోయిన అరటిపండు మీద ముసిరే
ఈగల్ని చూసి
ఒకటి నాలుక చాపింది మొదటిసారి.
ఇగ పంపాలె.

మళ్ల అదే డిపో వెనక. ముసురు.
టైరు లేదు, వేలంల పోయిందంట.
దాని గుండ్రటి గుర్తు మీద
గడ్డి మొలిచింది.
డబ్బా వంచి, అలవాటుగ,
"దిగాలె, దిగాలె, ఆఖరు స్టాపు" అన్న.
ఒక్కొక్కటే తేలిగ్గ,
నన్నెప్పుడూ చూడనట్టు.
ఏడు దిగినయ్.

ఎనిమిదోదానికి ఇంక నువ్వుగింజంత తోకుంది.
మూల మీద కూసోని గొంతు ఆడిస్తుంది.
కసిరినా కదలదు.
మూత పెట్టుకొని బస్సెక్కిన.

డ్రైవర్ లింగమూర్తి అద్దంల చూసిండు.
"రైట్ అనవేందక్కా?"
ఉండు, అన్న.