వంటింటికి తలుపు

గవర్నర్‌పేటలో కింద జిరాక్సు షాపు, పైన మేం.
రోజుకు రెండు ప్లాన్లు గీస్తాను,
ఒకటి తూర్పు ముఖం, ఒకటి పడమర ముఖం,
లోపలంతా ఒకటే, అద్దం తిప్పినట్టు.
హాలు, హాల్లోనే వంట,
నడుమ నల్ల గ్రానైటు గట్టు.
ఈశాన్యంలో దేవుడికి నాలుగడుగులు,
ఆగ్నేయంలో పొయ్యి.
మాస్టర్ బెడ్‌రూమ్ అని రాస్తాను,
ఆ మాస్టరెవరో ఏ ప్లాన్లోనూ ఉండదు.

పోయిన ఎండాకాలం వసుమతి గారొచ్చారు,
రిటైరైన పిల్లల డాక్టరు,
పోరంకిలో నాలుగో అంతస్తు తీసుకున్నారు.
కూర్చోకుండానే అన్నారు:
"వంటింటికి గోడ కావాలమ్మా. గోడకి తలుపు కావాలి."

బిల్డరు నర్రా గారు నవ్వారు.
"ఇప్పుడంతా ఓపెన్ కిచెనే మేడమ్,
గోడ పెడితే హాలు చచ్చిపోద్ది."

ఆవిడ నా పెన్సిలే తీసుకుని
ఎస్టిమేటు కాగితం వెనక గీశారు.
ఖార్కోవ్, ఎనభై మూడు.
ఐదంతస్తులు, లిఫ్టు లేదు,
రష్యన్ నేర్పిన గలీనా టీచరు ఇల్లు.

మొదటి గదిలోంచే రెండో గదికి దారి,
దాన్ని ట్రామ్ అనేవాళ్లట,
ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెకి.
మొదటి గదిలో ముసలాయన పడుకునేవాడు,
రాత్రి మంచినీళ్లకి లేచినవాళ్లంతా
ఆయన కలలోంచి నడిచిపోవాల్సిందే.
గదులు చెరోపక్కా ఉంటే మాత్రం
పసిపిల్ల జుబ్బా అనేవాళ్లట,
చేతులు చాపినట్టుంటుందని.

వంటిల్లు ఆరు చదరపు మీటర్లు.
అడుగుల్లోకి మార్చి చూశాను,
రెండు లిఫ్టులు పక్కపక్కన పెడితే ఎంతో, అంత.
"కానీ తలుపుండేది సలోమీ.
టీ పెట్టి, తలుపేసి, అప్పుడు మాట్లాడేవాళ్లు."
"ఏం మాట్లాడేవాళ్లు మేడమ్?"
"తలుపెయ్యకపోతే మాట్లాడలేనివి."

ఇంకో విచిత్రం:
వంటింటికీ స్నానాలగదికీ మధ్య, పైన,
జానెడు కిటికీ.
ఎందుకో ఎవరికీ తెలీదు, తలా ఒక కారణం చెప్పేవారు.
"మనూరి కందిపప్పు అక్కడ ఉడుకుతుంటే
ఇటు సబ్బు వాసన, అటు ఇంగువ వాసన."

నర్రా గారు ఫోనొచ్చి బయటికెళ్లారు.

మాది వాంబే కాలనీ. ఒకటే గది.
ప్లాను గీసినాయన నాలుగు గోడలు గీసి
టీకి లేచిపోయినట్టుంటుంది.
అందులోనే మంచం, అందులోనే పొయ్యి,
అందులోనే నాన్న, ఆయన కోపం.
అమ్మకి ఏడుపొస్తే
కిరసనాయిలు స్టవ్వుకి పంపు కొట్టేది.
ఆ బుస్సుమనే చప్పుడే మా ఇంట్లో తలుపు.
అన్నం ఉడికిపోయాక కూడా
స్టవ్వు మండుతూనే ఉండేది కొన్నిరోజులు.

బుడమేరు పొంగిన ఏడు
నీళ్లు ఛాతీ ఎత్తున మట్టిగీత గీసి పోయాయి.
ఆ ఇంట్లో తర్వాత గీసిన గీత అదొక్కటే.

ప్లాన్లో గోడంటే రెండు గీతలు.
తలుపంటే పావు వృత్తం,
రెక్క తిరగడానికి వదిలిన ఖాళీ.
అక్కడ ఫ్రిజ్జు పెట్టకూడదు, బియ్యం డబ్బా పెట్టకూడదు.
ఎన్ని వందలు గీశానో,
ఆ రోజు మాత్రం మౌసు మీద చెయ్యి
కాస్త నెమ్మదిగా తిరిగింది.

అడక్కపోయినా జానెడు కిటికీ కూడా పెట్టాను.

దసరా ముందు మేస్త్రీ కాసులు ఫోను:
"అమ్మా, ఈ కిటికీ వంటింట్లోంచి బాత్రూంలోకి చూస్తంది,
తప్పు పడిందా?"
"లేదు, కొలత సరిగ్గానే ఉంది. కట్టెయ్."
"ఎందుకంట?"
"ఎవరికీ తెలీదంట."

గృహప్రవేశానికి వెళ్లలేదు, జనం ఎక్కువని.
వారం పోయాక వెళ్లాను.
రంగు వాసన ఇంకా పోలేదు.
వసుమతి గారు రెండు గ్లాసుల్లో టీ పోశారు,
స్టూలు నావైపు జరిపారు,
తలుపేశారు.

"ఊఁ, చెప్పు" అన్నారు.

చెవుల్లో స్టవ్వు చప్పుడు ఆగేదాకా
కాసేపు పట్టింది.