నాలుక మాట

మట్టెవాడల ముప్పై రెండేండ్లు
బాలుషా వండిన నాలుక ఇది.
పాకం ఒక్క చుక్క అంటిస్తే చాలు,
కడాయి దించాల్నా, ఇంకో పొంగు రావాల్నా
అదే చెప్పేది.

ఎంజీఎంల చీటీ మీద
డాక్టరమ్మ ఎర్రపెన్నుతోని రెండు గీతలు గీసింది.
"రుచి చూసుడు గూడ బందేనా?" అన్న.
"చూసి ఊంచెయ్యి" అన్నది, తలకాయ ఎత్తకుంటనే.

మొదటి వారం
చాయ్ అంటే కాగిన నీళ్లు.
ఒకనాడు నడిరాత్రి లేసి కారఖాన తాళం తీసిన.
బూందీ తట్ట మీది బట్ట లేపి,
మల్ల కప్పి, వచ్చి పండుకున్న.
మా ఆమెకు ఎరుకే. అడుగలే.

పదో దినమో పన్నెండో దినమో,
పప్పు అన్నంల నంజుకున్న పచ్చి ఉల్లిగడ్డ.
నమిలేటోన్ని ఆగిన.
ఘాటు పోయినంక, దాని ఎనుక,
ఎవలో తలుపు సందుల నుంచి తొంగి చూసినట్టు
ఒక తీపి.
ఇంకో ముక్క కొరికిన.
ఉన్నది.

అప్పటిసంది అన్నిటి మీద అనుమానమే.
జొన్నరొట్టె మింగకుంట బుగ్గల ఉంచుకుంటే తీపి.
పరకాల తొవ్వల కాల్చిన మక్కకంకి,
చివరి గింజలు మరీ.
గా సప్పటి పాలు గూడ!
యాభై ఏండ్లు తాగింది చక్కెరనేనా,
పాలను ఇప్పుడే తాగుతున్ననా?

దుకాణంల మాత్రం వేరే పంచాది.
సుగుణ టీచరు డబ్బ వాపసు తెచ్చి
"ఏందయ్యా రాజమొగిలీ, చక్కెర పిరమైందా?"
ఒకటి తీసి కొరికి చూసిన.
గొంతు మండేంత తీపి.
మిగిలిన సగం ఆమె కొరికింది.
"సప్పగున్నది" అన్నది.
ఒక్కటే బాలుషా. ఇద్దరం అబద్ధం ఆడలే.

ఇప్పుడు రుచి చూసుడు షఫీ పని.
పందొమ్మిదేండ్ల నాలుక, దినాం ఆరు చాయ్‌ల నాలుక,
బజారుకు అదే సరైన తరాజు.
నేను పాకం చుక్కను
బొటనవేలికి చూపుడువేలికి నడుమ పట్టి విడదీస్త.
తీగ సాగుతది, తెగదు.
వేళ్లు ఏం మర్వలే.

షట్టరు దించేటప్పుడు
వాడు పొట్లం చాపుతడు.
"ఒక్కటి కాకా, చిన్నది."
గోరంత తుంచి నోట్లేసుకొని
తక్కింది వాని జేబులనే పెడత.

ఇల్లు చేరేదాక
నీళ్లు తాగ.