మూడో ముక్క

పటం రెండు కాగితాల్లో వచ్చింది.
చూళై జిరాక్స్ కొట్టు కుర్రాడు తులసీరాం
మధ్యలో టేపు అంటిస్తూ అడిగాడు,
"ఎవరి స్థలమక్కా ఇది, ఇన్ని వంకరలున్నాయి?"

ఎవరిదీ కాదు నాయనా.
ఒక ద్వీపం. దాని అంచు వెంట కాలిదారి.
మొత్తం నూట అరవై కిలోమీటర్లు.
మన హార్బరులో ఓడెక్కితే మూడు రాత్రులు.

కటింగు బల్ల మీద పరిచాను,
ఎల్‌ఐసీ ఆవిడ జాకెట్టు పక్కకి జరిపి.
స్కేలు పనికిరాదు, దారి ఎక్కడా తిన్నగా లేదు.
ముప్ఫై ఏళ్ళు చంక రౌండు కొలిచిన చెయ్యి ఇది,
వంపు దానికి కొత్త కాదు.
టేపుని నిలువుగా పట్టి
గోటితో నొక్కుకుంటూ నడిపించాను.
టేపు అయిపోయింది.
ద్వీపం అవలేదు.

ఫ్లోరమ్మ వచ్చింది, మురుకుల పొట్లంతో.
స్టాన్లీ ఆస్పత్రి ఎముకల వార్డులో నర్సు,
రిటైరై రెండేళ్ళు.
ఊళ్ళోవాళ్ళ మోకాళ్ళన్నీ ఆమె మాట విన్నాయి,
సొంత ఎడమది తప్ప.
పటాన్ని ఎత్తి ట్యూబులైటుకి అడ్డం పెట్టి
ఎక్స్‌రే చూసినట్టు చూసింది.

"మొదటి ముక్క వద్దు" అంది.
నాకు కోపమొచ్చింది.
మొదటిది కాక ఏది మొదలుపెడతాం?
"ఈ గీతలేమిటో చెప్పు."
కుచ్చుల్లా ఉన్నాయన్నాను, ఒకదాన్నొకటి తోసుకుంటూ.
"అది కొండ. ఆ కుచ్చుల్లో నేను కూర్చుండిపోతాను,
నువ్వు నా పక్కన కూర్చుని తిడతావు."

మూడో ముక్క పెట్టుకున్నాం.
లైట్‌హౌసు నుంచి జాలర్ల పల్లె దాకా,
తొమ్మిది కిలోమీటర్లు, అంతా చదును.
సగంలో చెక్క వంతెన,
దాని పక్కన టీ కొట్టుందని రాశారు,
ఉందో లేదో.
పల్లెలో నాలుగున్నరకి బస్సు.
అక్కడ పొద్దు మనకన్నా ముందే కుంగుతుందట.
మధ్యాహ్నం పోటుకి ఒకచోట దారి నీళ్ళలో మునుగుతుంది,
అందుకని పొద్దున్నే ఏడింటికి బయల్దేరాలి.

తలా రెండు లీటర్ల నీళ్ళు. అటుకులు. బెల్లం.
బిల్లు పుస్తకంలో రాసుకుంటూ పోయాను,
"లైనింగు" అని అచ్చేసిన గడిలో
మోకాలి పట్టీ.

ఆఖరి గడి ఫ్లోరమ్మ నింపింది:
పదింటికల్లా వంతెన చేరకపోతే వెనక్కి.

"వెనక్కా?"
"వెనక్కి."
"అంత డబ్బు పోసి, మూడు రాత్రులు కక్కుకుంటూ వెళ్ళి?"
"అవును. వెళ్ళి, వెనక్కి."

ఈ మాట నాకెవరూ చెప్పలేదు.
ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టే.
పెళ్ళి జాకెట్లు తెల్లారగట్ట మూడింటిదాకా,
జ్వరంలో,
ఇంట్లోకి వాననీళ్ళొచ్చిన ఆ డిసెంబరులో
మిషను బల్ల మీదికెక్కించి, కొవ్వొత్తి పెట్టుకుని.
ఎవరి కొలతా వెనక్కి పంపలేదు.
పెన్ను తీశాను ఆ గడి కొట్టేద్దామని.
క్యాపు మళ్ళీ పెట్టేశాను.

మూడో ముక్క ఒక్కటే పైకి కనిపించేట్టు
పటాన్ని మడిచాను.
మిగతా నూట యాభై ఒకటి లోపలికి పోయాయి,
ఎదిగే పిల్ల గౌనుకి
కుట్టు లోపల గుడ్డ వదిలినట్టు.

ఆదివారం మెరీనాలో రిహార్సలు.
నేపియర్ వంతెన నుంచి లైట్‌హౌసు దాకా, ఇసకలోనే,
పెరియమేట్‌లో బేరమాడి కొన్న బూట్లతో.
ఏడింటికి గాంధీ విగ్రహం చేరకపోతే వెనక్కి,
అదీ రిహార్సల్లో భాగమే అంది.

వల దులుపుతున్న కుర్రాడి చెయ్యి వాచిందని
ఆగి, వేళ్ళు ముడిపించి, విప్పించి చూసింది.
ఏడయ్యేసరికి కణ్ణగి దగ్గరే ఉన్నాం.
లైట్‌హౌసు ఎర్ర చారలు లెక్కపెట్టేంత దగ్గర.
"పది నిమిషాలు" అన్నాను.
ఆమె అప్పటికే అటు తిరిగింది.

కాసేపు నిలబడ్డాను,
బూటులో ఇసక ఉన్నట్టు వంగి.
నిజంగానే ఉంది.
తర్వాత నేనూ తిరిగాను.
ఇందాకటిదాకా ఎడమనున్న సముద్రం
కుడిచేతికొచ్చింది.

ముందు ఫ్లోరమ్మ,
కొంచెం కుంటుతూ,
అరచేతిలో టైము రాసుకుంటోంది.