ఖాళీ గడి

డాక్టరూ పరిశోధకురాలూ
రెండూ ఒకేసారి అయ్యే కోర్సు.
దరఖాస్తులో ఒక గడి:
"హౌస్ సర్జన్సీ తర్వాత ఏం చేశారు?"
ఇంకా రాని ఏడాదికి
భూతకాలంలో జవాబు.

బ్రాడీపేట నాలుగో లైన్లో
రూమ్మేట్లు పీజీ బిట్లు బట్టీ పడుతున్నారు.
అమ్మ ఫోన్లో అంటుంది: "ఏడాదంతా ఖాళీగానా?"
ఆ 'గానా' దగ్గర గొంతు కాస్త సాగుతుంది.

మొన్న ఓపీలో నాగుల్ మీరా.
ఇరవై రెండేళ్లు మిర్చి టిక్కీలు మోసిన భుజం.
ఛాతీ మీద స్టెత్ పెట్టానో లేదో
తుమ్ము నాకొచ్చింది.
"ఎండాకాలం సెలవులమ్మా,
యార్డుకి తాళం పడి నెలయింది.
దగ్గుకే పడలా."

సిరప్పు రాశాను.
రాస్తున్న చేతికి తెలుసు
అది జవాబు కాదని.

ల్యాబులో ఝాన్సీ మేడం
కాలు ఊగే స్టూలొకటి చూపించింది.
"జీతం లేదు. కూర్చుంటానంటే ఇదుంది."

దరఖాస్తుకి శుక్రవారం ఆఖరు.
గురువారం రాత్రి, కోటు జేబులో
నాగుల్ మీరా నంబరున్న చీటీ దొరికింది.
లెక్కపెడితే తొమ్మిదంకెలే.

పదోది అడగాలంటే
యార్డు తెరిచేదాకా
ఈ ఊళ్లోనే ఉండాలి.