మూడోసారి తెగిన గుండీ

ఎంబిటా రేవులో నా కుట్టుమిషను
చేపల తక్కెడకీ చర్చి గోడకీ మధ్య
ఒక రేకు నీడలో ఉంటుంది.
బడి గౌన్లు, పడవ తెరచాపలు, శవాలకు తొడిగే చొక్కాలు
అన్నీ అదే మిషను మీద.
ఊళ్ళో ఎవరు చిక్కిపోయారో ఎవరు ఒళ్ళు చేశారో
ఆసుపత్రి కన్నా ముందు నా టేపుకి తెలుస్తుంది.

అపోండి గౌను మొదటిసారి వచ్చినప్పుడు
గుండీ కుట్టి పది షిల్లింగులు తీసుకున్నాను.
రెండోసారి, చెట్లెక్కుతున్నావా అని నవ్వాను.
మూడోసారీ అదే గుండీ, మెడ కింద మొదటిది.
దానంతటది ఊడితే దారం వదులవుతుంది.
ఎవరైనా లాగితే బట్ట చిరుగుతుంది.
ముప్ఫై ఏళ్ళుగా సూది పట్టిన చేతికి
ఆ తేడా ఇంకొకరు చెప్పాలా?

తొమ్మిదేళ్ళ పిల్ల.
నన్ను చూడకుండా కత్తెరనే చూస్తూ
"లోపలివైపు ఒక పిన్నీసు పెట్టవా,
పైకి కనిపించకుండా" అంది.

ఇలాంటి గౌను ఒకటి నాకు ముందే వచ్చింది, చాలా ఏళ్ళ కిందట.
కుట్టి ఇచ్చేశాను.
చిరుగు జాడ తెలియనంత బాగా కుట్టాను.
ఆ పిల్ల పేరు చెప్పను, దాని పేరు దాని సొంతం.
కిసుములో ఉందంటారు. ఈ రేవులో అడుగుపెట్టదు.
నలుగురూ ఏమనుకుంటారో అని
ఆ రోజు నా నోరు కూడా నేనే కుట్టుకున్నాను.

ఈసారి మిషను మీద గుడ్డ కప్పి
ఆ నలుగురినీ వెతుక్కుంటూ వెళ్ళాను.

నర్సు ఫెలిస్టర్ మందుల గది తలుపు వేసింది.
"పిల్లని తరచి తరచి అడక్కు.
నమ్ముతున్నానని చెప్పు. తప్పు నీది కాదని చెప్పు.
మిగతాది అడగడం తెలిసినవాళ్ళు అడుగుతారు" అంది.

మోటార్‌సైకిల్ నడిపే ఒగోల్లా
హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.
"ట్యూషనన్నారు. ఆ ఇంటి గుమ్మం దాకా
నేనే దించాను, ప్రతి గురువారం."

పడవలు చెక్కే ముసలి ఒబియెరో దగ్గరికి వెళ్ళడానికి భయమేసింది.
ఆ పెద్దమనిషీ ఇతనూ ఒకే ఒడ్డున ఈత నేర్చుకున్నారు.
చర్చి గంట కొనిచ్చింది ఆ పెద్దమనిషే,
ఊరి పిల్లలకు లెక్కలు చెప్పిందీ ఆయనే.
కంచే చేను మేసిందని చెబితే ఎవరు వింటారు?
ఒబియెరో ఉలి కింద పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.
"చిల్లు చేసినవాడు నా స్నేహితుడైతే
పడవలో నీళ్ళు రాకుండా ఉంటాయా?" అన్నాడు.
పొద్దున్నే హోమా బే వెళ్ళే పడవకి తెడ్డు తనే పట్టాడు.

నాలుగోదాన్ని నేను.
ఆ లెక్కలో చేరడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

పిల్ల తల్లికి చెప్పినప్పుడు ఏం జరిగిందో రాయను.
గుండీల కోసం రెండుసార్లు కొట్టానంది, అంతే.

కేసు నడుస్తోంది, నత్తలా.
పెద్దమనిషి మీద బురద చల్లానని కొందరికి నా మీద కోపం.
పాటబృందం గౌన్లు వేరే ఊళ్ళో కుట్టించుకుంటున్నారు.
ఆదివారం ఆ గంట మోగుతుంటే
నా చేతిలో దారం ఇంకా తెగుతుంది.

ట్యూషను మాత్రం ఇప్పుడు చేపల షెడ్డులో,
గోడలు లేని చోట.
ఒమేనా ఎండబెట్టే ఆడవాళ్ళ కళ్ళ ముందు
పిల్లలు ఎక్కాలు అరుస్తారు,
పుస్తకాలు నీచు వాసనతో ఇంటికెళ్తాయి.
పొద్దుగూకితే ఒగోల్లా ఒక్కొక్కరినీ
గుమ్మం దాకా కాదు, అమ్మ చేతి దాకా దించుతాడు.

మొన్న అపోండి మళ్ళీ వచ్చింది, చేతిలో గౌను.
నా గుండె ఆగింది.
వెలుతురుకి ఎత్తి చూశాను:
దారం వదులై ఊడిన గుండీ. బట్ట నిండుగా ఉంది.
జేబులో ఒక పచ్చి జామకాయ, మోకాలి దగ్గర ఆకుపసరు మరక.

కుట్టి ఇచ్చాను.
పది షిల్లింగులూ తీసుకున్నాను.